తవుడికి అమ్మిన పైలట్టు

విజయవాడ, వన్ టౌన్
22-3-1974

చిరంజీవి బాలశౌరికి,

నీ ఫోటో సోమవారం చేరింది. టోపీ, గుండె మీద రెక్కల బిళ్ళ, ఆ నిలబడ్డ తీరు. మీ అమ్మ ముందు ఎవరో ఆఫీసరు గారనుకుని పైట సర్దుకుంది. తరువాత ఆ చెవులు చూసి గుర్తుపట్టి, గంటసేపు ఏడ్చి, పాయసం వండింది. నేను పటం కట్టించి మన ఎండుచేపల కొట్లో నా నెత్తి పైన తగిలించా. ఎండు నెత్తళ్ళు కొనవచ్చిన వాళ్ళంతా ముందు నిన్ను చూసి తరువాత నెత్తళ్ళు చూస్తున్నారు. వన్ టౌన్లో నిన్ను చూడనివాడు లేడు. ఒక రిక్షా అతనికి రెండుసార్లు చూపించానంట, అతనే చెప్పాడు.

నీ అడ్రసులో ఉన్న 56 ఎ.పి.ఓ. అనే ఊరు ఏ జిల్లా అని పోస్టాఫీసులో అడిగా. అది ఊరు కాదు పెద్దాయనా, మిలటరీవాళ్ళు ఎక్కడున్నా అదే అడ్రసు అన్నారు. నువ్వెక్కడున్నావో ఎవరికీ తెలియదు, ఉత్తరం మాత్రం చేరుతుంది. దేవుడికి రాసినట్టుంది నాకు.

ఇక అసలు సంగతి. నిన్న పొద్దున తెల్లచొక్కా వేసుకుని, చేతిలో డైరీతో ఒకాయన కొట్టుకొచ్చాడు. "బాలశౌరి అనే అబ్బాయి గురించి నాలుగు మాటలు తెలుసుకుందామని వచ్చానండీ" అన్నాడు. నాకు అర్థమైపోయింది. అబ్బాయి అలవాట్లేమిటి, స్నేహాలు ఎవరితో, ఎక్కడ పుట్టాడు, చుట్టాలెవరు, పై దేశాల్లో ఎవరన్నా ఉన్నారా, ఇంట్లో ఎవరిమీదన్నా కేసులున్నాయా. ఆడపిల్లవాళ్ళు ఇంతకన్నా ఏమడుగుతారు. పిల్ల పేరేమిటండీ అంటే నవ్వి ఊరుకున్నాడు. పెద్దింటి సంబంధం, గుట్టుగా అడిగిస్తున్నారు అనుకున్నా.

భోజనం పెట్టాం. రొయ్యల ఇగురు రెండోసారి వేయించుకున్నాడు. పెళ్ళి మాటల్లో దాపరికం పనికిరాదని అంతా చెప్పేశా. పిల్లాడు పుట్టగానే పాలెంలో పడవ నడిపే ఏసుపాదానికి అమ్మేశామనీ, పెళ్ళినాడు తిరిగి కొనుక్కునే తంతు ఉంటుందనీ, దానికి మీరు అడ్డు చెప్పకూడదనీ అన్నా. ఏసుపాదం ఎంతటి మనిషో కూడా చెప్పా. నలభై తొమ్మిదిలో కమ్యూనిస్టుల్ని పడవమీద ఏరు దాటించినందుకు పదకొండు నెలలు జైల్లో ఉండి కూడా ఒక్క పేరు బయటపెట్టలేదని చెప్పా. ఆయన ప్రతి ముక్కా డైరీలో రాసుకున్నాడు. అంత శ్రద్ధగా వినే మనిషిని ఈ మధ్య చూడలేదు. మన పాలెం వెళ్ళి ఏసుపాదాన్ని కూడా కలుస్తానంటే బస్సు దగ్గరుండి ఎక్కించా.

పిల్ల ఎవరో తెలిస్తే రాస్తా. సంతోషానికి అక్షరాలు వంకరపోతున్నాయి, సర్దుకుని చదువుకో.

ఇట్లు
కాశీరావు

* * *

56 ఎ.పి.ఓ.
3-4-1974

నాన్నా,

అమ్మకూ నీకూ నమస్కారాలు. నీ ఉత్తరం నాలుగుసార్లు చదివా.

వచ్చినాయన పెళ్ళిసంబంధం తాలూకు మనిషి కాదు. పోలీసు శాఖ మనిషి. ఇక్కడ నన్ను కొత్త రకం విమానాల మీద వేయబోతున్నారు. వాటి దగ్గరికి ఎవరినన్నా పంపేముందు ఆ మనిషి పుట్టుపూర్వోత్తరాలన్నీ విచారిస్తారు. నేను ఫిబ్రవరిలోనే పన్నెండు పేజీల ఫారం నింపి ఇచ్చా. ఇంట్లో చెప్పవద్దన్నారు కాబట్టి చెప్పలేదు.

మొన్న నన్ను ఆఫీసరు పిలిచాడు. బల్లమీద మూడు కాగితాలు. ఒకటి నా ఫారం, తండ్రి పేరు కాశీరావు. రెండోది పాలెం చిన్నబడి రిజిస్టరు నకలు, తండ్రి పేరు ఏసుపాదం. మూడోది, తండ్రిగా చెప్పుకుంటున్న వ్యక్తి పిల్లవాడిని అమ్మేసినట్టు స్వయంగా ఒప్పుకున్నాడని. కొన్న మనిషికి జైలు చరిత్ర ఉంది అని కింద ఎర్ర సిరా గీత.

"నీకు ఎంతమంది తండ్రులు? ఇందులో ఏది దాచావు?" అని మెల్లగా అడిగాడు. కేకలేసినా బాగుండేది. నాకు నిజంగా తెలియదు. చిన్నప్పుడు ఎవరన్నా నన్ను చూపించి ఎవరబ్బాయంటే ఏసుపాదం కొడుకులే అనేవాడివి. తమాషాకు అంటున్నావనుకున్నా. ఏసుపాదం భార్య శౌరమ్మను నేను అమ్మా అని పిలిస్తే ముద్దుకు అనుకున్నా.

ఇది తేలేదాకా విమానాల వైపు పోవద్దన్నారు. నా బ్యాచి వాళ్ళు పొద్దున్నే విమానాలుండే హాంగరుకు నడుస్తుంటే నేను లైబ్రరీలో పుస్తకాలకు నంబర్లు అంటిస్తున్నా. వాళ్ళు నన్ను ఏమీ అడగటం లేదు. అది ఇంకా కష్టంగా ఉంది.

అమ్మటం అంటే ఏమిటో, ఎందుకో, దాచకుండా వెంటనే రాయి. ఇక ఎవరొచ్చి అడిగినా ఇగురు పెట్టకు.

నీ
బాలశౌరి

* * *

విజయవాడ
11-4-1974

చిరంజీవి బాలశౌరికి,

ముందు నా సిగ్గు సంగతి. పోలీసాయన్ని కూర్చోబెట్టి, పిల్ల చామనఛాయైనా మాకు ఫర్వాలేదండీ అన్నా. ఆయన అది కూడా రాసుకున్నాడు. మీ ఆఫీసరు గారు చదివే ఉంటారు.

ఇప్పుడు అడిగింది చెబుతా. నీకు ముందు ముగ్గురు పుట్టి పోయారు. ఒకడు పురిట్లో, ఒకడు మూడో నెలలో, ఆడపిల్ల ఏడాది నిండకుండా. నువ్వు పుడితే మీ అమ్మ నీ మొహం చూడటానికి భయపడి గోడవైపు తిరిగి పడుకుంది. మంత్రసాని మంగాయమ్మ చెప్పింది, ఈ ఇంటి పిల్లల మీద కన్ను పడింది, పరాయివాళ్ళకు అమ్మేస్తే ఆ కన్ను దారి తప్పుతుంది అని. పదకొండో నాడు నిన్ను చేటలో పడుకోబెట్టి ఏసుపాదం గడప ముందు పెట్టాం. శౌరమ్మ చేటెడు తవుడిచ్చి నిన్ను కొంది. పేరు వాళ్ళే పెట్టారు, వాళ్ళ చర్చి పునీతుడి పేరు. మీ అమ్మకు పాలు పడకపోతే, చంకలో తన చంటిపిల్ల ఉండగానే ఎనిమిది నెలలు శౌరమ్మే నీకు పాలిచ్చింది.

నువ్వు మన ఇంట్లో తిన్నా, మన ఇంట్లో పడుకున్నా, పిల్లాడివి వాళ్ళ పిల్లాడివే. పెళ్ళినాడు తవుడు తిరిగిచ్చి కొనుక్కునేదాకా మేము నోటితో మావాడు అనకూడదు. అందుకని చిన్నబడిలో చేర్పించింది ఏసుపాదమే, తండ్రినని రాయించిందీ తనే. బెజవాడ వచ్చాక హైస్కూలు హెడ్మాస్టరు గారు, ఇంటిపేరు ఒకరిది తండ్రి పేరు ఒకరిది ఏమిటని, ఆయనే నా పేరు రాసేశారు. ఆ వేళ మీ అమ్మ అన్నం ముట్టలేదు. వారం రోజులు నిన్ను కాలవ దగ్గరికి పోనివ్వలేదు.

ఇందులో దొంగతనమేమీ లేదు కదా. ఇదంతా ఉన్నదున్నట్టు ఆఫీసరు గారికి చెప్పు. ఏసుపాదం జైలు గురించి అనుమానమైతే, ఆయనకు కావలసింది రహస్యం దాచే మనిషే కదా. పదకొండు నెలలు నోరు విప్పని ఇంట్లో పాలు తాగిన పిల్లాడు ఆయనకు మళ్ళీ ఎక్కడ దొరుకుతాడు. ఈ మాట మర్యాదగా ఇంగ్లీషులో చెప్పు.

పటానికి రోజూ దండ మారుస్తున్నా. బతికున్నవాళ్ళ పటానికి దండ ఏమిటని మీ అమ్మ తిట్టాక ఆపేశా.

ఇట్లు
కాశీరావు

* * *

56 ఎ.పి.ఓ.
20-4-1974

నాన్నా,

అంతా చెప్పా. ఆఫీసరు మధ్యలో ఆపకుండా విన్నాడు. ఆయనకూ నలుగురు పిల్లలట. కానీ ఫైలుకు మాట చాలదు, కాగితం కావాలన్నాడు.

మేజిస్ట్రేటు ముందు నువ్వు ఒక అఫిడవిట్టు ఇవ్వాలి. ఆఫీసు గుమాస్తా రాసిచ్చిన నమూనా దీంతో పెట్టా. రెండే ముక్కలు. ఒకటి, బాలశౌరి నా సొంత కుమారుడు. రెండు, ఏసుపాదం అను వ్యక్తికి సదరు బాలశౌరితో ఎట్టి సంబంధమూ లేదు. ఆ రెండోది నాకూ బాగోలేదు నాన్నా. కానీ ఎర్ర గీత పోవాలంటే అదే ఉండాలట.

జూన్ పదో తారీఖులోగా ఇక్కడికి చేరాలి. చేరకపోతే బ్యాచిలోంచి నా పేరు తీసేసి నేలమీది పనికి వేస్తారు. ఒకసారి తీసేసిన పేరు మళ్ళీ ఎక్కదు. అయిదేళ్ళు పడిన కష్టం నీ ఒక్క సంతకం మీద ఉంది.

అందిన రోజే వెళ్ళు.

నీ
బాలశౌరి

* * *

విజయవాడ
5-5-1974

చిరంజీవి బాలశౌరికి,

నీ ఉత్తరమూ నమూనా అందాయి. ఇక్కడ ఎండలు చెప్పనలవి కాదు. మధ్యాహ్నం వన్ టౌన్లో కుక్క కూడా తిరగటం లేదు. ఎనిమిదో తారీఖు నుంచి రైళ్ళు ఆగిపోతాయంటున్నారు, సమ్మెట. స్టేషన్లో జనం ఇప్పటినుంచే కొట్టుకుంటున్నారు. మన బుట్టలు ఎక్కడివక్కడ ఆగితే నెత్తళ్ళకు పురుగు పడుతుంది. మీ అమ్మ ఆవకాయ పెట్టింది, ఈసారి కారం ఎక్కువైంది. నీకు పంపుదామంటే రైళ్ళ సంగతి ఇది.

కాగితం విషయం మర్చిపోలేదు. కోర్టు దాకా వెళ్ళొచ్చా. మేజిస్ట్రేటు గారు సెలవులో ఉన్నట్టున్నారు. ఎండాకాలం కదా. వచ్చాక చూద్దాం.

నాకు తెలియక అడుగుతా. అంత పెద్ద ఆఫీసులో ఎగరటం తప్పితే వేరే పని ఉండదా? నేలమీద చేసేది కూడా గౌరవమైనదే కదా. యూనిఫాం అదే, టోపీ అదే. ఊరికే అడిగా.

పక్కింటి కొండలమ్మ గారు నీ ఫోటో ఇంకొకటి కావాలన్నారు. ఉంటే పంపు.

ఇట్లు
కాశీరావు

* * *

56 ఎ.పి.ఓ.
18-5-1974

నాన్నా,

సమ్మె మూలంగా నీ ఉత్తరం నిన్న చేరింది. కవరు చించి అఫిడవిట్టు కోసం వెతికా. ఆవకాయ గురించి ఉంది.

ఈ సోమవారం నా బ్యాచి మొదటిసారి కొత్త విమానాలెక్కింది. నేను లైబ్రరీ కిటికీలోంచి చూశా. నువ్వేమో నేలమీద పని గౌరవమైనదే అంటున్నావు. మరి వన్ టౌన్ అంతా తిప్పి చూపించింది ఎవరి ఫోటో?

రాత్రి నీ ఉత్తరాలన్నీ పెట్టెలోంచి తీసి చదివా. అయిదేళ్ళవి. ఒక్కదాంట్లో కూడా నా కొడుకు అన్న మాట లేదు. ఒక్కదాని కింద కూడా నాన్న అని సంతకం లేదు. ఇట్లు కాశీరావు. బ్యాంకుకు రాసినట్టు. నోటితో అనకూడదని రాశావు, సరే, చంటిపిల్లాడికి సరే. ఇరవై రెండేళ్ళవాడికి, ఒక మేజిస్ట్రేటు ముందు ఒక్కసారి అనటానికి ఏమడ్డు?

నాకు తోస్తున్నది ఒకటే. సూటిగా అడుగుతున్నా, సూటిగా చెప్పు. నేను నీకు పుట్టినవాడినేనా? శౌరమ్మ పాలివ్వటం, ఏసుపాదం తన పేరు రాయించటం, నువ్వు సంతకం పెట్టలేకపోవటం, మూడూ కలిపితే ఎవరికైనా ఏమనిపిస్తుంది? కాదంటే కాదని రాయి. అబద్ధపు కాగితం పంపవద్దు. నా ఫారం నేనే దిద్దుకుని, వాళ్ళు చెప్పిన చోట కూర్చుంటా.

జూన్ పదికి ఇరవై మూడు రోజులున్నాయి.

బాలశౌరి

* * *

విజయవాడ
1-6-1974

చిరంజీవి బాలశౌరికి,

రైళ్ళు కదిలాక నీ ఉత్తరం ఇరవై తొమ్మిదిన చేరింది. చదివి కొట్టు మూసేశా.

అబద్ధం చెప్పింది నేనే. మేజిస్ట్రేటు గారు సెలవులో లేరు. ఏప్రిల్ నెలాఖరులోనే స్టాంపు కాగితం కొన్నా, నమూనా అందులో ఎక్కించా. రెండుసార్లు ఆయన గది గుమ్మం దాకా వెళ్ళి వెనక్కొచ్చా. మొదటి ముక్క ఏమిటి? నా సొంత కుమారుడు. తిరిగి కొనుక్కోకుండా ఆ మాట కాగితం మీద పెట్టి, సీలు కొట్టించి, ఆ మర్నాడు నిన్ను ఆకాశంలోకి పంపటమా? హైస్కూల్లో నా పేరు రాస్తేనే నిన్ను కాలవ దగ్గరికి పోనివ్వనివాళ్ళం. మీ అమ్మ ఆ కాగితం తీసుకుని బియ్యం డబ్బాలో అడుగున దాచింది. ఎగరకపోతే పోనీ, ఉంటాడుగా అంది. నేనూ పోనీలే అనుకున్నా. అందుకే నేలమీద పని గురించి రాశా. నీకు అయిదేళ్ళ కష్టమని తెలిసి కూడా రాశా.

నాకు పుట్టినవాడివేనా అని అడిగావు. నీకు ముందు ముగ్గురినీ నా చేతులతో పూడ్చా. నాలుగోవాడిని నావాడు అనకుండా ఇరవై రెండేళ్ళు నోరు కట్టుకున్నా. ఉత్తరం రాసేటప్పుడు చెయ్యి కట్టుకున్నా. తనకు పుట్టనివాడి కోసం ఎవడూ అంత కట్టుకోడు.

ముప్ఫయ్యో తారీఖున మీ అమ్మా నేనూ మొదటి బస్సుకు పాలెం వెళ్ళాం. నీ ఉత్తరం విన్నాక మీ అమ్మే డబ్బాలోంచి కాగితం తీసిచ్చి, పాతగుడ్డలో తవుడు మూట కట్టింది. నేను నీ పటం సంచిలో పెట్టుకున్నా. ఏసుపాదం పడవ బోర్లించి అడుగుకు తారు పూస్తున్నాడు. నమూనా చదివి వినిపించా. రెండో ముక్క దగ్గర ఆగా.

"ఆగావేం బావా, చదువు" అన్నాడు. చదివా.

"రాసిచ్చెయ్. నాకు చదువు రాదుగా. నువ్వు రాసింది నాకేం కనపడుద్ది" అన్నాడు, బ్రష్షు ఆపకుండా.

శౌరమ్మ గుమ్మంలోకి వచ్చింది. "నాకూ చదువు రాదన్నయ్యా, చెవులున్నాయి. ఎట్టి సంబంధమూ లేదంటనా? ఎనిమిది నెలల పాలు ఏ లెక్కన తాగాడో ఆ మేజిస్ట్రేటుని రాయమను" అంది.

మీ అమ్మ మూట ముందు పెట్టింది. "వదినా, పెళ్ళిదాకా ఆగే టైం లేదు. మా పిల్లాణ్ణి మాకిచ్చెయ్" అంది. ఆ మాట మీ అమ్మ నోటినుంచి మొదటిసారి విన్నా.

శౌరమ్మ లోపలికెళ్ళి చేట తెచ్చింది. "పిల్లాడేడీ, ఉత్త చేతులతో వచ్చారా" అంది. నేను పటం తీశా. పైటకొంగుతో అద్దం తుడిచి, టోపీ మీద ముద్దు పెట్టుకుని, మీ అమ్మ చేతుల్లో పెట్టింది. మేము తవుడు ఆమె చేటలో పోశాం. ఏసుపాదం తారు చేతులు వెనక్కి పెట్టుకుని ఏటివైపు చూస్తూ నిలబడ్డాడు.

నిన్న సంతకం పెట్టా. మొదటి ముక్క ఉన్నదున్నట్టే. రెండో ముక్క కొట్టించేశా. దాని చోట, ఈ దంపతులు మా ఆచారం ప్రకారం పిల్లవాడిని తవుడికి కొన్నారనీ, పాలిచ్చారనీ, బడిలో వేశారనీ, ముప్ఫైన మేము తిరిగి కొనుక్కున్నామనీ రాయించా. ప్లీడరు గుమాస్తా నెత్తి కొట్టుకున్నాడు. "ఇది పనికి రాదండీ కాశీరావు గారూ, అబ్బాయి ఉద్యోగం పోతుంది" అన్నాడు. పోతే ఆ తప్పు నాది, నన్ను తిట్టు. శౌరమ్మ చెవిన పడేట్టు ఆ ముక్క నేను రాయలేను.

ఈ ఉత్తరంతో పాటే కాగితం రిజిస్టరు చేశా. పదో తారీఖుకు చేరుతుందో లేదో. పోస్టాఫీసాయన, రైళ్ళలో ఇరవై రోజుల సంచులు పేరుకుపోయాయంటున్నాడు.

కింద ఏమని రాయాలో తెలియటం లేదు. చెయ్యి పాత అలవాటే చేస్తోంది.

కాశీరావు

* * *

56 ఎ.పి.ఓ.
15-6-1974

నాన్నా,

రిజిస్టరు తొమ్మిదో తారీఖు సాయంత్రం చేరింది. అప్పటికి నా సామాను సర్దుకున్నా.

మన వైపు సార్జెంటు ఒకాయన దాన్ని ఇంగ్లీషులోకి మార్చాడు. తవుడు దగ్గర ఆగి, ఇది మా అమ్మమ్మ గారింట్లో కూడా ఉందండీ అన్నాడు. పదిన ఆఫీసరు పిలిచాడు. రెండుసార్లు చదివాడు.

"నమూనాలో ఉన్న ఒక ముక్క ఇందులో లేదు. రాయవద్దని నువ్వు చెప్పావా?"

"లేదు సార్. నేను రాయమన్నా. వాళ్ళు రాయలేదు."

"ఆ పడవ మనిషి ఎవరెవర్ని దాటించాడో నీకు తెలుసా?"

"తెలియదు సార్."

"ఎప్పుడైనా అడిగావా?"

"చిన్నప్పుడు చాలాసార్లు అడిగా సార్."

"ఏమన్నాడు?"

"చేపల్ని అన్నాడు సార్."

ఆయన నవ్వలేదు. ఫైలు మూశాడు. వెళ్ళమన్నాడు. ఆ రెండు రాత్రులు నిద్ర లేదు. పన్నెండో తారీఖున నా పేరు బోర్డు మీద ఉంది. ఎర్ర గీత పక్కన ఆయన చేత్తో రాసిన మాట సార్జెంటు చూశాడట. "ఈ కుటుంబం దాచినదేమీ లేదు. దాచమన్నా దాచరు."

నిన్న ఎగిరా. ఎక్కడో, దేనిమీదో రాయను. దిగి నేలమీద కాలు పెట్టగానే నాకు మొదట గుర్తొచ్చింది ఆ బియ్యం డబ్బా. అమ్మకు చెప్పు, కాలు నేలకు ఆనింది అని.

ఆ రోజు నేను అడిగిన ప్రశ్న వెనక్కి తీసుకోవటం కుదరదు. రాసి పంపేశాను కదా. నా పక్కన కూర్చుని చదివినట్టు అనుకుని ఒక్కటి పీకు, సరిపోతుంది. రెండో ముక్క రాయమన్నందుకు శౌరమ్మ చేత ఇంకొకటి.

నీ కొడుకు
బాలశౌరి

* * *

విజయవాడ
23-6-1974

చిరంజీవి బాలశౌరికి,

నీ ఉత్తరం కొట్లో నిలబడి చదివి పెద్ద కేక పెట్టా. బేరానికొచ్చిన నలుగురూ పారిపోయారు, ముసలాడికేమైందోనని. ఏమీ కాలేదని చెప్పి తలా ఒక పిడికెడు నెత్తళ్ళు ఊరికే ఇచ్చి పంపా. మీ అమ్మ బియ్యం డబ్బా తోమి ఎండలో బోర్లించింది.

ఒక సంగతి ఆ వేళ రాయలేదు, అప్పటికి నాకూ తెలియదు. పాలెం నుంచి వచ్చిన నాలుగో రోజు మీ అమ్మ తవుడు మూట గుడ్డ ఉతకబోతే అడుగున పిడికెడు తవుడు ఉంది. పూర్తిగా పోయలేదు, ఎంత తప్పు జరిగిందోనని హడలిపోయాం. నీకు రాయకుండా రోజులు లెక్కపెట్టుకున్నాం. మొన్న ఏసుపాదం బుట్టలతో వస్తే చెవిలో చెప్పా. ఆయన తాపీగా చుట్ట వెలిగించి, "తప్పు కాదు బావా. చేట నిండిందని చెప్పి మా శౌరమ్మే మూట ముడేసింది. పూర్తిగా తీసుకుంటే పూర్తిగా ఇచ్చేసినట్టే కదా. పిల్లాడు పైన తిరుగుతుంటే పిడికెడు వంతైనా నావాడిగా ఉండాలి, ఆ తవుడు వాడి పెళ్ళికి తీసుకుంటాను అంది" అన్నాడు.

కాబట్టి కాగితం ప్రకారం నువ్వు నావాడివి. పిడికెడు లెక్కన ఇంకా ఆమెవాడివి. పైన ఏ కన్నైనా వెతుక్కుంటే ఆ పిడికెడు దగ్గర దారి తప్పుతుంది. మీ అమ్మ దాన్ని చిన్న సీసాలో పోసి దేవుడి గూట్లో పెట్టింది. మన ఇంట్లో దాపరికం లేదని మీ ఆఫీసరు గారు రాశారన్నావు. ఆయన మీద నాకెంతో గౌరవం. అయినా ఈ సీసా సంగతి ఆయనకు చెప్పనక్కరలేదు.

అది గూట్లో ఉందన్న ధైర్యంతో కింద రాస్తున్నా. అక్షరాలు మళ్ళీ వంకరపోయాయి, నవ్వకు.

మీ నాన్న